రోమా పట్టణము పడిన దినము

క్రీ. శ. 410 ఆగస్టు 24న గోతుల రాజైన అలారిక్ రోమా పట్టణములో ప్రవేశించెను. దాదాపు 800 సంవత్సరములుగా ఏ అన్యజాతి శత్రువును ఆ పట్టణమును పట్టుకొనలేదు. 3 దినములు దోపిడి జరిగెను. అయితే పేతురు, పౌలుల పేరనున్న దేవాలయములలో దాగినవారిని గోతులు విడిచిపెట్టిరి. ఏరియను బోధకు లోబడినను వారును క్రీస్తు నామము ధరించినవారే గదా!

“పూర్వపు దేవతలను విడిచినందుననే ఈ కీడు” అని అన్యులు నిందించిరి. సంఘస్థులును కలవరపడిరి. అంతర్యుద్ధములును పన్నుల భారమును ఆ రాజ్యమును ఎన్నడో గుల్లచేసెనని యెవరికి తోచును? ఆఫ్రికాలోని హిప్పో బిషప్పు అగస్టీను 413లో ఆరంభించి 22 భాగముల గ్రంథమున ప్రత్యుత్తరమిచ్చెను. ఆ దేవతలను కొలుచు దినములలోనే గౌలులు రోమాను తగులబెట్టలేదా అని ఆయన ప్రశ్న.

430లో వాండలులు హిప్పోను ముట్టడించియుండగా, ఆ వృద్ధుడు పశ్చాత్తాప కీర్తనలను వ్రాయించి గోడకు తగిలించుకొని, పడకమీదనుండి వాటిని చదువుచు, కన్నీరు విడుచుచు మరణించెను.