సైకిలు షాపులో పుట్టిన విమానం

ఒహాయో రాష్ట్రంలో కార్ల నంబరు ప్లేట్ల మీద ‘విమానయానానికి పుట్టిల్లు’ అన్న అర్థం వచ్చే మాట ఉంటుంది. నార్త్ కరోలినా వాళ్లేమో తమ ప్లేట్ల మీద ‘ముందు ఎగిరింది మేమే’ అని వేయించుకున్నారు. రెండు రాష్ట్రాలూ తగాదా పడేది ఒకే విమానం గురించి, అది రైట్ సోదరులది. 2021లో ఒహాయో ప్రభుత్వం కొత్త ప్లేటు గీయించి, విమానం తోకకు కట్టాల్సిన బ్యానర్‌ను ముక్కుకు కట్టేసింది. సుమారు 35 వేల ప్లేట్లు అచ్చయ్యాక గానీ ఆ సంగతి బయటపడలేదు. నార్త్ కరోలినా వాళ్లకు నవ్వుకోవడానికి కావలసినంత దొరికింది. ఒహాయో వాళ్లను మరీ తిట్టడానికీ లేదు. ఆ విమానంలో ఎత్తు తగ్గించి పెంచే పలకలు ఇప్పటిలా వెనక లేవు, ముందుకు చాచి ఉంటాయి. కొత్తగా చూసేవాడికి ఏది ముందో ఏది వెనకో తెలియదు.

నేనుండేది డేటన్‌లో కాబట్టి నా ఓటు ఒహాయోకే. ఊరి మీద అభిమానం సంగతి అలా ఉంచండి. మా ఊరు వినుకొండ బళ్లో మేం చదువుకున్న పాఠంలో రైట్ సోదరులంటే 1903, కిట్టీహాక్, పన్నెండు సెకన్లు, అంతే. దానికి ముందు నాలుగేళ్లు, ఆ తర్వాత రెండేళ్లు డేటన్‌లో ఏం జరిగిందో ఆ పాఠంలో లేదు. నాకు తెలిసినంతలో అసలు కథంతా ఆ ఏళ్లలోనే ఉంది.

పెద్దవాడు విల్బర్ 1867లో పక్క రాష్ట్రం ఇండియానాలో పుట్టాడు. ఆర్విల్ 1871లో ఈ ఊళ్లోనే పుట్టాడు. తండ్రి మిల్టన్ రైట్ చర్చి బిషప్పు, ఎప్పుడూ ఊళ్లు తిరుగుతుండే మనిషి. తల్లి సుసాన్ బళ్లు తయారుచేసే వాళ్లింటి ఆడపడుచు. ఇంట్లో ఏది విరిగినా బాగుచేసేది ఆవిడే, పిల్లలకు ఆటబొమ్మలు చేసిపెట్టేదీ ఆవిడే. చెల్లెలు కాథరిన్ కాలేజీ చదివి లాటిన్ టీచరయింది. అన్నలిద్దరికీ హైస్కూలు సర్టిఫికెట్ కూడా చేతికి రాలేదు. ఇద్దరూ పెళ్లి చేసుకోలేదు.

సైకిళ్ల కంటే ముందు వాళ్లకు అచ్చాఫీసు ఉండేది. 1889లో సొంతంగా కట్టుకున్న మిషను మీద వారపత్రిక వేశారు. మరుసటేడు అక్కడే ‘డేటన్ టాట్లర్’ అని ఇంకో పత్రిక అచ్చయింది. దాని సంపాదకుడు పాల్ లారెన్స్ డన్‌బార్, ఆర్విల్‌కు క్లాసుమేటు. తరగతి మొత్తానికి అతనొక్కడే నల్లజాతివాడు. తల్లిదండ్రులు బానిసత్వం అనుభవించి బయటపడ్డవాళ్లు. పత్రిక కొద్ది సంచికలకే మూతపడింది. చదువయ్యాక ఊళ్లో ఎవరూ అతనికి కలం పట్టే ఉద్యోగం ఇవ్వలేదు. వారానికి నాలుగు డాలర్లకు ఒక పెద్ద భవనంలో లిఫ్టు నడిపే పనికి కుదిరాడు. తన మొదటి కవితల పుస్తకాన్ని ఆ లిఫ్టు ఎక్కేవాళ్లకే డాలరుకొకటి చొప్పున అమ్ముకున్నాడు. దేశమంతా పేరు తెచ్చుకుని, 1906లో 33 ఏళ్లకే క్షయతో పోయాడు. ఆయన ఇల్లూ రైట్ సోదరుల సైకిలు షాపూ ఇప్పుడు ఒకే జాతీయ పార్కు కింద ఉన్నాయి. ‘గబ్బిలం’ రాసిన జాషువా పుట్టిన ఊరివాణ్ని కదా, ఆ ఇంటి దగ్గర నా కాళ్లు కాస్త ఎక్కువసేపే ఆగుతాయి. విమానం కోసం వచ్చిన మనవాళ్లు చాలామంది ఆ ఇల్లు చూడకుండానే వెళ్లిపోతారు.

1892లో అన్నదమ్ములు సైకిలు షాపు పెట్టారు. అమ్మకం, అద్దె, రిపేరు, అన్నీ చేసేవారు. 1896 నుంచి సొంత సైకిళ్లు తయారుచేశారు. ఆ ఏడే జర్మనీలో ఒట్టో లిలియంతాల్ అనే ఇంజనీరు ఇంజను లేని గ్లైడరు మీద నుంచి పడి చనిపోయాడు. ఆ వార్త వీళ్లిద్దరినీ పట్టుకుంది. 1899 మే నెలాఖరున విల్బర్ వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ సంస్థకు ఉత్తరం రాసి, ఎగరడం గురించి అచ్చయిన పుస్తకాలూ కాగితాలూ పంపమని అడిగాడు.

అప్పటికి ఈ పనిలో దిగిన పెద్దపెద్దవాళ్లు పడవలాంటి విమానం కావాలనుకున్నారు. దానంతటదే నిలకడగా గాలి మీద తేలాలి, మనిషి పని చుక్కాని తిప్పడం వరకే. సైకిలు షాపు వాళ్లకు ఆ ఆలోచన ఎక్కలేదు. సైకిలు దానంతటది నిలబడదు, తొక్కేవాడు క్షణక్షణం నిలబెట్టుకోవాలి. మలుపు తిరగాలంటే హ్యాండిలు తిప్పితే చాలదు, ఒళ్లు వాల్చాలి. గాలిలో పక్కకు వాలడం ఎలా? ఒకరోజు షాపులో విల్బర్ చేతిలో సైకిలు ట్యూబు తీసేసిన పొడవాటి అట్టపెట్టె ఉంది. ఏదో మాట్లాడుతూ దాన్ని ఇటు చివర ఒకవైపుకు, అటు చివర ఇంకోవైపుకు మెలితిప్పాడు. రెక్కలను అలా మెలితిప్పగలిగితే ఒక రెక్క లేస్తుంది, రెండోది దిగుతుంది. వాళ్ల పేటెంటుకు ప్రాణం అదే. ఇప్పటి విమానాల్లో రెక్క మొత్తాన్ని మెలితిప్పరు, దాని వెనక అంచున ఉండే పలకలు ఆ పని చేస్తాయి. కిటికీ పక్కన సీటు దొరికితే చూడండి, విమానం మలుపు తీసుకునేటప్పుడు ఆ పలక కదులుతుంది.

నార్త్ కరోలినాలోని కిట్టీహాక్‌ను వాళ్లు ఎన్నుకున్నది గాలి కోసం, పడినా ఎముకలు విరగని ఇసుక కోసం. 1900లో విల్బర్ అక్కడికి చేరి, బిల్ టేట్ అనే అతని ఇంట్లో దిగాడు. టేట్ భార్య కుట్టుమిషను మీదే గ్లైడరు రెక్కల గుడ్డను సరిచేసి కుట్టుకున్నాడు. ఆ ఏడు ప్రయోగాలయ్యాక గ్లైడరును అక్కడే వదిలేసి వెళ్లారు. టేట్ భార్య ఆ రెక్కల మీది సాటిన్‌లాంటి నూలు గుడ్డ ఊడదీసి తన ఆడపిల్లలకు గౌన్లు కుట్టింది.

1901లో ఇంకా పెద్ద గ్లైడరు కట్టుకుని వెళ్లారు. లెక్క ప్రకారం రావాల్సిన పైకెత్తే బలంలో మూడో వంతే వచ్చింది. మన జీవితకాలంలో మనిషి ఎగరడు అని తిరుగు ప్రయాణంలో విల్బర్ తమ్ముడితో అన్నాడట. చాలామంది అక్కడితో మానేసేవాళ్లే. వీళ్లకు ఇంకో అనుమానం వచ్చింది. మనం కట్టింది సరిగానే ఉండి, పుస్తకాల్లోని లెక్కలే తప్పయితే?

తేల్చుకోవడానికి ఒక సైకిలు హ్యాండిలు ముందు మూడో చక్రాన్ని అడ్డంగా పడుకోబెట్టి బిగించారు. దాని మీద ఒక పక్క వంపు తిరిగిన చిన్న రెక్క, ఇంకో పక్క బల్లపరుపు రేకు. డేటన్ వీధుల్లో ఆ సైకిలును జోరుగా తొక్కుతుంటే గాలి దెబ్బకు చక్రం ఎటు తిరుగుతుందో చూడటమే పరీక్ష. పుస్తకం చెప్పినట్టు తిరగలేదు. దాంతో షాపులోనే ఆరడుగుల పొడవు, పదహారు అంగుళాల చదరం ఉన్న చెక్కపెట్టె చేసి, ఒక చివర ఫ్యాను పెట్టి గాలి సొరంగం కట్టారు. లోపల బలం కొలిచే తక్కెడను పాత రంపపు బ్లేడులతో, సైకిలు పుల్లల తీగతో తయారుచేసుకున్నారు. రేకు ముక్కలను రకరకాల వంపుల్లో కత్తిరించి, ఆ చలికాలం సుమారు 200 రెక్క నమూనాలు పరీక్షించారు. గాలి బలం లెక్కకట్టడానికి ఇంజనీర్లందరూ వందేళ్లకు పైగా కళ్లకద్దుకుని వాడుతున్న స్మీటన్ గుణకం 0.005. వీళ్ల లెక్కకు దాదాపు 0.0033 వచ్చింది. ఇప్పటి కొలతలకు అది చాలా దగ్గర.

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. విమానం మొదట ఎగిరిన డిసెంబరు 17 వచ్చిందంటే మన వాట్సాప్ గ్రూపుల్లో ‘వైమానిక శాస్త్రం’ అనే గ్రంథం గురించి ఫార్వర్డులు మొదలవుతాయి. రైట్ సోదరుల కంటే మనవాళ్లే ముందట, తెల్లవాళ్లు కొట్టేశారట. ఆ గ్రంథాన్ని బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో అయిదుగురు శాస్త్రవేత్తలు పరిశీలించి 1974లో వ్యాసం రాశారు. అది 1904కు ముందు పుట్టింది కాదని, అందులోని విమానాలు ఎగరలేవని తేల్చారు. మనవాళ్లే చేసిన పని అది. దాన్ని ఫార్వర్డు చేసేవాళ్లు నాకింతవరకు తగల్లేదు. రైట్ సోదరులు మాత్రం నోటుబుక్కులు, పట్టికలు, ఫోటోలు, ఉత్తరాలు మిగిల్చారు. ఎవరైనా తీసి లెక్క సరిచూసుకోవచ్చు.

ఆ లెక్కలతో 1902లో కట్టిన గ్లైడరు వందలసార్లు చక్కగా ఎగిరింది. ఇక ఇంజను కావాలి. తగినంత తేలికైనది ఎవరూ చేసివ్వలేదు. షాపు మెకానిక్కు చార్లీ టేలర్ ఆరు వారాల్లో పన్నెండు గుర్రాల బలమున్న ఇంజను చేసిచ్చాడు. చరిత్రలో ఇతనికి రావాల్సిన పేరు రాలేదని నా అభిప్రాయం. ఇంజను నుంచి పంకాలకు శక్తి వెళ్లింది సైకిళ్లకు వాడే పద్ధతిలోనే, పళ్ల చక్రాలు, చైన్లతో. పంకాలు రెండూ ఎదురెదురు దిక్కుల్లో తిరగడానికి ఒక చైనును 8 అంకెలా మెలివేశారు. రెక్కల మీద వేసింది చలవ చేయని నూలు గుడ్డ, మన భాషలో కోరా గుడ్డ. ఊళ్లో దుకాణంలో ఎవరైనా కొనుక్కోగలిగిన సరుకే. దాన్ని క్రాసుగా కత్తిరించి కుట్టారు, అలాగైతే దారాలు ఐమూలగా పడి రెక్క బిగువుగా ఉంటుంది. పత్తి పండించే ఊళ్లవాళ్లం, మనకు ఈ సంగతి పాఠంలో చెప్పి ఉంటే ఎంత బాగుండేది!

1903 డిసెంబరు 17 సంగతి మీకు తెలిసిందే. మొదట ఆర్విల్, 12 సెకన్లు, 120 అడుగులు. నాలుగోసారి విల్బర్, 59 సెకన్లు, 852 అడుగులు. ఆ ప్రఖ్యాతమైన ఫోటో తీసిన జాన్ డేనియల్స్ అంతకుముందు కెమెరా ముట్టుకున్నవాడు కాదు. దానికి తొమ్మిది రోజుల ముందే, ప్రభుత్వం ఇచ్చిన 50 వేల డాలర్లతో స్మిత్‌సోనియన్ అధిపతి శామ్యూల్ లాంగ్లీ కట్టించిన విమానం రెండోసారి పొటోమాక్ నదిలో పడింది. అన్నదమ్ములకు మొత్తం ఖర్చు వెయ్యి డాలర్ల లోపే.

నాలుగో ఎగురుడు తర్వాత గాలి దెబ్బకు విమానం పల్టీలు కొట్టి విరిగిపోయింది, మళ్లీ ఎగరలేదు. అప్పటికి అది తిన్నగా వెళ్లడం తప్ప, తిరిగి బయల్దేరిన చోటికి వచ్చింది లేదు. అది నేర్చుకున్నది డేటన్‌కు ఎనిమిది మైళ్ల దూరంలో, హఫ్‌మన్ అనే బ్యాంకరు పచ్చికబీడులో. అద్దె లేదు, ఒకటే షరతు: ఎగిరే ముందు ఆవుల్నీ గుర్రాల్నీ బయటికి తోలాలి. 1904 సెప్టెంబరు 20న విమానం మొదటిసారి గుండ్రంగా తిరిగివచ్చింది. పక్కనే ట్రాము స్టేషనున్నా, ఊళ్లో పత్రికలున్నా, కళ్లారా చూసి వివరంగా రాసింది తేనెటీగల పెంపకందారు ఏమస్ రూట్. తన తేనెటీగల పత్రికలోనే 1905 జనవరిలో అచ్చేశాడు. అదే ఏడు అక్టోబరు 5న విల్బర్ ఆ బీడు చుట్టూ 39 నిమిషాల్లో 24 మైళ్లు ఎగిరాడు. అక్కరకొచ్చే విమానం అంటే నా దృష్టిలో అదే మొదటిది. అప్పుడు కూడా అమెరికా సైన్యం నమ్మలేదు. 1908లో ఫ్రాన్స్‌లో జనం ముందు ఎగిరి చూపించాకే ప్రపంచం ఒప్పుకుంది.

ఆ తర్వాత కథ అంత బాగుండదు. 1906లో వచ్చిన పేటెంటును పట్టుకుని గ్లెన్ కర్టిస్ అనే విమాన తయారీదారు మీద, ఇంకా చాలామంది మీద దావాలు వేశారు. కొత్తవి కనిపెట్టాల్సిన ఏళ్లు కోర్టుల్లో కరిగిపోయాయి. విల్బర్ 1912లో టైఫాయిడ్‌తో పోయాడు, వయసు 45. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా పైలట్లు ఫ్రెంచి విమానాలెక్కి యుద్ధం చేయాల్సివచ్చింది. తప్పంతా వీళ్లదే అనను, ఎక్కువ భాగం మాత్రం వీళ్ల మొండితనమే. స్మిత్‌సోనియన్ ఏమీ తక్కువ తినలేదు. ఎగరగల మొదటి విమానం తమ లాంగ్లీదేనని మ్యూజియంలో రాసిపెట్టుకుంది. ఆర్విల్‌కు ఒళ్లుమండి 1928లో తమ విమానాన్ని లండన్ మ్యూజియానికి పంపేశాడు. సంస్థ 1942లో తప్పు ఒప్పుకుంది. విమానం 1948 చివర్లో వాషింగ్టన్ చేరింది, ఆ ఏడు జనవరిలోనే ఆర్విల్ చనిపోయాడు.

మన దేశంలో 1911 ఫిబ్రవరి 18న అలహాబాదు నుంచి నైనీకి విమానంలో టపా వెళ్లింది. వినుకొండ రైలు మార్గంలోనే ఉన్న దొనకొండలో రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటిషువాళ్లు రన్‌వే వేసేనాటికి ఆర్విల్ ఇంకా డేటన్‌లో బతికే ఉన్నాడు. ఒహాయోవాడే అయిన నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ 1969లో చంద్రుడి మీదికి వెళ్తూ ఆ 1903 రెక్కల గుడ్డ ముక్క వెంట తీసుకెళ్లాడు. 2021లో అంగారకుడి మీద ఎగిరిన చిన్న హెలికాప్టరుకూ ఆ కోరా గుడ్డ పేలికే ఒకటి కట్టి పంపారు.

పిల్లల దగ్గరికి అమెరికా వచ్చే పెద్దలకు నా విన్నపం ఒకటే. నయాగరా, న్యూయార్క్ ఎలాగూ చూస్తారు, ఒహాయో మీదుగా వెళ్తుంటే డేటన్‌లో ఒక పూట ఆగండి. కొలంబస్ నుంచి 70 మైళ్లే. రైట్ సోదరులు పెరిగిన ఇంటినీ చివరి సైకిలు షాపునూ హెన్రీ ఫోర్డ్ ఊడదీయించి మిషిగన్‌లోని తన మ్యూజియానికి పట్టుకుపోయాడు, ఆ బాధ ఈ ఊరివాళ్లకు ఇంకా ఉంది. అయినా వాళ్ల ఇంకో షాపు ఉంది, డన్‌బార్ ఇల్లుంది, 1905 నాటి విమానం ఉంది. జాతీయ పార్కుకూ ఎయిర్ ఫోర్స్ మ్యూజియానికీ టికెట్టు లేదు.