పారా లీగల్ వాలంటీర్ (ఉప్పల్ – నాచారం)

న్యాయ సేవాధికార సంస్థ తరఫున పేద కక్షిదారులకు కాగితాల పని, తేదీల పని చూసిపెట్టేందుకు శిక్షణ పొందిన వ్యక్తిని పారా లీగల్ వాలంటీర్ అంటారు. ఆఫీసుల్లో, కోర్టుల్లో పీఎల్‌వీ అనే పిలుస్తారు. ఈ వ్యక్తి కోర్టులో వాదించలేరు, వకాలత్ మీద సంతకం పెట్టలేరు. 1961 నాటి అడ్వకేట్స్ చట్టం ఆ హక్కును ఎన్‌రోల్ అయిన న్యాయవాదులకే ఇచ్చింది. అయితే కేసు వకీలు చేతికి వెళ్లేలోపు జరగాల్సిన పని చాలా ఉంటుంది. ఎఫ్ఐఆర్ నకలు తేవాలి, ఆసుపత్రి కాగితాలు పోగుచేయాలి, వయసుకు, ఆదాయానికి రుజువులు వెతకాలి, గడువు ఎప్పటితో ముగుస్తుందో లెక్కకట్టాలి. హైదరాబాద్ తూర్పున కార్ఖానాలు, బస్తీలు, హైవే కలిసిన ఉప్పల్, నాచారంలో పేదవాడి కేసు నిలబడేదీ పడిపోయేదీ చాలాసార్లు ఈ దశలోనే.

ప్రాంతం, కోర్టులు

ఉప్పల్ మండలం 2016 అక్టోబర్ 11 వరకు రంగారెడ్డి జిల్లాలో ఉండేది. ఆ రోజు ఏర్పడిన మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలోకి వచ్చింది. కోర్టులు మాత్రం వెంటనే విడిపోలేదు. జిల్లా స్థాయి పనులకు జనం మరికొన్నేళ్లు ఎల్బీనగర్‌లోని రంగారెడ్డి కోర్టులకే తిరిగారు. 2022 జూన్ 2న రాష్ట్రంలో కొత్త న్యాయ జిల్లాలు మొదలయ్యాక మేడ్చల్–మల్కాజిగిరికి సొంత జిల్లా కోర్టు, దానితోపాటు సొంత న్యాయ సేవాధికార సంస్థ వచ్చాయి. పాత వాయిదా చీటీ పట్టుకుని తప్పు కోర్టు గుమ్మం ముందు నిలబడే కక్షిదారులు ఇలాంటి మార్పుల తర్వాతే ఎక్కువగా కనిపిస్తారు. బదిలీ అయిన కేసుకు కొత్త నంబరు పడుతుంది, పాత నంబరుతో వెతికితే దొరకదు. ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లో పార్టీ పేరుతో వెతికి, పదహారు అక్షరాల సీఎన్ఆర్ నంబరు రాసిచ్చి, ఏ హాలుకు వెళ్లాలో చెప్పి పంపడం చిన్న పనిలా కనిపిస్తుంది. కూలి మానుకుని వచ్చిన మనిషికి అది ఒక రోజు జీతం.

ఉప్పల్, నాచారం, మల్లాపూర్ పారిశ్రామిక వాడల్లో స్థానికులతోపాటు ఒడిశా, బిహార్, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చినవాళ్లు పనిచేస్తారు. నాచారంలో ఈఎస్ఐ ఆసుపత్రి ఉంది. ఉప్పల్ మీదుగా వరంగల్ వెళ్లే 163వ జాతీయ రహదారి ఉంది. నాచారం, మల్లాపూర్ దాటితే కొద్ది దూరంలోనే చర్లపల్లి కేంద్ర కారాగారం. ఇక్కడి న్యాయ సహాయం పని ఏ రకంగా ఉంటుందో ఈ నాలుగూ చెబుతాయి: కార్ఖానా గాయాలు, రోడ్డు ప్రమాదాలు, బెయిలు. వీటికి కుటుంబ వివాదాలు తోడు.

చట్టం ఎలా వచ్చింది

డబ్బు లేదన్న కారణంతో ఎవరికీ న్యాయం దక్కకుండా పోకూడదని చెప్పే 39ఏ అధికరణను 1976లో 42వ సవరణ రాజ్యాంగంలో చేర్చింది. 1979లో హుసైనారా ఖాతూన్ కేసులో, నేరం రుజువైతే పడే శిక్షకన్నా ఎక్కువ కాలం బిహార్ జైళ్లలో మగ్గుతున్న విచారణ ఖైదీల సంగతి సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. పేద నిందితుడికి ఉచిత న్యాయ సహాయం ప్రాథమిక హక్కులో భాగమని కోర్టు తేల్చింది. 1987లో న్యాయ సేవాధికార సంస్థల చట్టం ఆమోదం పొందింది, అమల్లోకి వచ్చింది మాత్రం 1995 నవంబర్ 9న. ఏటా నవంబర్ 9ని న్యాయ సేవల దినంగా జరపడం అందుకే.

ఈ చట్టం 12వ సెక్షన్‌ను ఉప్పల్ బస్తీల్లో ఎంత ప్రచారం చేసినా తక్కువే. మహిళలు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలు, దివ్యాంగులు, పారిశ్రామిక కార్మికులు, కస్టడీలో ఉన్నవారు, అక్రమ రవాణా బాధితులు, విపత్తు బాధితులు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయానికి అర్హులు. ఆదాయ పరిమితి మిగతావారికే. ‘మా ఆయన ఉద్యోగస్థుడు, నాకెవరిస్తారమ్మా’ అనుకుని వెనుదిరిగే గృహిణికి ఈ ఒక్క మాట ముందుగా తెలిస్తే చాలు. అర్జీ రాయడం రాకపోతే నోటితో చెప్పినా సంస్థ రాసుకుని వేలిముద్ర తీసుకుంటుంది.

జాతీయ న్యాయ సేవాధికార సంస్థ 2009లో పారా లీగల్ వాలంటీర్ల పథకం తెచ్చింది. ఉపాధ్యాయులు, పదవీ విరమణ చేసిన ఉద్యోగులు, అంగన్‌వాడీ కార్యకర్తలు, స్వయం సహాయక సంఘాల సభ్యులు, లా విద్యార్థులు, మంచి నడవడి ఉన్న చదువుకున్న దీర్ఘకాల ఖైదీలు కూడా ఇందులో చేరవచ్చు. తెలుగు నేలకు ఈ ఆలోచన అప్పటికే పరిచయం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2000ల మధ్యలోనే గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ, అంటే సెర్ప్, ఇందిర క్రాంతి పథం కింద భూమి పారా లీగల్స్‌ను తయారుచేసింది. పహాణీలు తిరగేసి, తహసీల్ ఆఫీసులో పేదల భూమి ఫైళ్లు కదిలించిన ఆ గ్రామీణ యువత అనుభవం నగర శివార్లకూ పనికొచ్చేదే.

కాగితం, తేదీ

న్యాయ సేవాధికార సంస్థ ఫ్రంట్ ఆఫీసులో కూర్చున్న వాలంటీర్ మొదట వినాలి. వచ్చిన మనిషి కథ మధ్యలోంచి మొదలవుతుంది, కోపం ముందొస్తుంది, తేదీలు ఆఖర్న వస్తాయి. అనుభవం ఉన్నవారు అడ్డు తగలకుండా వింటూ తేదీలను మాత్రం విడిగా రాసుకుంటారు. చెక్ బౌన్స్ అయితే బ్యాంకు నుంచి సమాచారం అందిన ముప్పై రోజుల్లో నోటీసు వెళ్లాలి, నోటీసు అందిన పదిహేను రోజుల్లో డబ్బు రాకపోతే ఆ తర్వాత నెలలోపు ఫిర్యాదు వేయాలి. బ్యాంకు మెమో మీది తేదీ చూడకుండా మిగతా ఏది మాట్లాడినా వృథా.

కోర్టు నకలు సంగతి ఇంకా సూక్ష్మం. తీర్పు సర్టిఫైడ్ కాపీ మీద వేసే ముద్రలో నకలుకు అర్జీ పెట్టిన తేదీ, చార్జీలు అడిగిన తేదీ, కట్టిన తేదీ, నకలు సిద్ధమైన తేదీ, ఇచ్చిన తేదీ వరుసగా ఉంటాయి. నకలు కోసం పట్టిన కాలాన్ని అప్పీలు గడువులోంచి మినహాయించాలని 1963 లిమిటేషన్ చట్టం 12వ సెక్షన్ చెబుతుంది. జూనియర్ సివిల్ జడ్జి మార్చి 3న డిక్రీ ఇచ్చారనుకుందాం. జిల్లా కోర్టులో అప్పీలుకు ముప్పై రోజులు, అంటే ఏప్రిల్ 2 వరకు. నకలుకు మార్చి 10న అర్జీ పెట్టి, చార్జీలు అడిగిన రోజే కట్టి, కాపీ 24న సిద్ధమైతే పదిహేను రోజులు కలుస్తాయి. గడువు ఏప్రిల్ 17కు జరుగుతుంది. సిద్ధమైన కాపీని తెచ్చుకోకుండా ఏప్రిల్ 5 వరకు కాపీయింగ్ సెక్షన్‌లో వదిలేస్తే ఆ రోజులు కలవవు. చార్జీలు కట్టడంలో చేసిన జాప్యమూ కలవదు. చదువురాని కక్షిదారుకు ఈ ముద్ర ఒక నీలి మరక. పీఎల్‌వీకి అదే కేసు ప్రాణం. ప్రైవేటు వకీలు దగ్గర ఈ పని గుమాస్తా చూస్తాడు. గుమాస్తా లేనివాడికి పీఎల్‌వీ ఉండాలి.

గాయం, పరిహారం, కుటుంబం

నాచారం వాడలో మెషిన్‌లో చెయ్యి పడినవాడు వస్తే మొదటి ప్రశ్న ఈఎస్ఐ నంబరు. నంబరు ఉంటే పరిహారం ఈఎస్ఐ కార్పొరేషన్ నుంచి రావాలి, లేకపోతే కార్మిక శాఖలోని పరిహార అధికారి దగ్గర కేసు వేయాలి. దారి తప్పితే నెలలు పోతాయి. 1923 నాటి పరిహార చట్టం స్థానంలో ఇప్పుడు 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రత కోడ్ ఉంది. కాంట్రాక్టర్ కింద పనిచేసే ఒడియా కార్మికుడి దగ్గర తరచూ జీతం చీటీ కూడా ఉండదు. హాజరు పుస్తకం ఫొటో, ఫోన్‌కు వచ్చిన జీతం మెసేజ్, పక్కవాడి వాంగ్మూలం, ఆసుపత్రిలో చేర్చినప్పుడు రాసిన కారణం: ఉద్యోగ సంబంధాన్ని నిలబెట్టేవి ఇవే. గాయమైన వారంలోనే వీటిని పోగుచేయాలి. తోటివాళ్లు పని మారి వెళ్లిపోయాక సాక్షి దొరకడు.

వరంగల్ రోడ్డు ప్రమాదాల్లో కాగితాల వరుస ఎక్కువ: ఎఫ్ఐఆర్, పంచనామా, వూండ్ సర్టిఫికెట్, మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్ (ఎంవీఐ) రిపోర్టు, చార్జిషీటు, మరణమైతే పోస్టుమార్టం రిపోర్టు. వీటి కోసం స్టేషన్‌లోని కోర్ట్ డ్యూటీ ఆఫీసర్‌ను కలవాల్సిందే. 2022 నిబంధనల ప్రకారం పోలీసులు నలభై ఎనిమిది గంటల్లో తొలి ప్రమాద నివేదికను ట్రిబ్యునల్‌కు పంపాలి. అదే ఏడాది ఏప్రిల్ 1 నుంచి అమలైన సవరణ క్లెయిమ్‌కు ఆరు నెలల గడువు పెట్టింది. ప్రమాదం భువనగిరి దగ్గర జరిగినా, బాధితుడు ఉప్పల్‌లో నివాసముంటే ఇక్కడి ట్రిబ్యునల్‌లోనే వేసుకోవచ్చు. ఈ సౌకర్యం చాలామందికి తెలియదు.

వయసు రుజువు ఎంత డబ్బును మారుస్తుందో ఒక్క ఉదాహరణ చాలు. 2009 నాటి సరళా వర్మ తీర్పు ప్రకారం మృతుడి వయసు 35 అయితే కుటుంబం నష్టపోయిన ఏడాది ఆదాయాన్ని పదహారుతో హెచ్చిస్తారు, 36 అయితే పదిహేనుతో. ఒక్క ఏడు తేడాకు ఒక ఏడాది ఆదాయం పోతుంది. ఆధార్ కార్డు పుట్టిన తేదీకి రుజువు కాదని, స్కూలు సర్టిఫికెట్‌కు ఎక్కువ విలువ ఇవ్వాలని 2024 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు ఒక ప్రమాద పరిహారం కేసులోనే చెప్పింది. కాబట్టి మృతుడి ఊరి బడి నుంచి టీసీ తెప్పించడం పీఎల్‌వీ పనుల్లో ముఖ్యమైనది.

కుటుంబ కేసుల్లో మనోవర్తి అడిగే భార్య, ఇవ్వాల్సిన భర్త ఇద్దరూ ఆస్తులు, ఆదాయం వివరిస్తూ అఫిడవిట్ వేయాలని 2020 నవంబర్‌లో రజనీష్–నేహా కేసు తీర్పు నిర్దేశించింది. అద్దె రసీదు నుంచి పిల్లల ఫీజు దాకా ఆధారాలు జతచేసి ఆ ఫారం నింపడానికి గంటలు పడుతుంది. తల్లిదండ్రులు, వయోవృద్ధుల 2007 చట్టం కింద ఆర్డీఓ నడిపే ట్రిబ్యునల్‌లో పరిస్థితి వేరు. అక్కడ వకీలు ప్రాతినిధ్యం ఉండకూడదని 17వ సెక్షన్ అంటుంది. రామంతాపూర్‌లోనో నాచారంలోనో కొడుకు ఇంట్లోంచి వెళ్లగొట్టిన ముసలితల్లికి అర్జీ రాసి, ఇల్లు రాసిచ్చి ఉంటే ఆ గిఫ్ట్ డీడ్ నకలు జతచేసి, కీసర ఆర్డీఓ ఆఫీసు దాకా తోడు వెళ్లే మనిషి దొరకడం ఎంత పెద్ద ఆసరా!

చర్లపల్లి జాబితా

బెయిలు వచ్చినా బయటికి రాలేనివాళ్లు ప్రతి జైలులోనూ ఉంటారు. కోర్టు ఇద్దరు జామీనుదారులను అడుగుతుంది. నాచారంలో అద్దె గదిలో ఉండే వలస కార్మికుడికి ఇంటి పన్ను రసీదు చూపించి పూచీ పడే మనిషి ఎవరు దొరుకుతారు? 1978లో మోతీరామ్ కేసులో ఒక తాపీ మేస్త్రీకి ఇదే జరిగింది. వేరే జిల్లావాడని అతని జామీనును మేజిస్ట్రేటు ఒప్పుకోలేదు. అది తప్పని సుప్రీంకోర్టులో జస్టిస్ కృష్ణయ్యర్ తీర్పు ఇచ్చారు.

2023 జనవరి 31న సుప్రీంకోర్టు దీనికి ఒక పద్ధతి ఏర్పరిచింది. బెయిలు మంజూరైన ఏడు రోజుల్లో ఖైదీ విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంట్ జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శికి తెలపాలి. కార్యదర్శి పీఎల్‌వీనో, జైలుకు వెళ్లే న్యాయవాదినో పంపి ఖైదీతో మాట్లాడించవచ్చు. ఆ ములాఖత్‌లో తెలుసుకోవాల్సినవి పెద్ద విషయాలేమీ కావు. ఊళ్లో ఎవరున్నారు, ఫోన్ నంబరు గుర్తుందా, ఇంట్లో ఎంతమంది తింటారు, సొంత కప్పు ఉందా. ఈ వివరాలతో తయారైన ఆర్థిక, సామాజిక నివేదికను చూసి కోర్టు షరతు సడలించగలదు. నెలలోపు పూచీకత్తు కట్టకపోతే కోర్టు తనంతట తానే షరతు మార్చే సంగతి ఆలోచించవచ్చు. డబ్బు కట్టలేని విచారణ ఖైదీలకు సాయం చేసే కేంద్ర పథకం 2023లో వచ్చింది; అప్పట్లో పరిమితి కేసుకు 40,000 రూపాయలు.

2024 జులై 1 నుంచి అమలైన నేర ప్రక్రియ చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, 479వ సెక్షన్‌తో విచారణ ఖైదీల జాబితా ఒకటి మొదలైంది. గతంలో ఏ నేరంలోనూ దోషిగా తేలనివాళ్లు గరిష్ఠ శిక్షలో మూడోవంతు, మిగతావాళ్లు సగం జైల్లో గడిపితే విడుదలకు అర్హులు. మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలకు, పలు కేసులు పెండింగులో ఉన్నవాళ్లకు ఇది వర్తించదు. రిమాండ్ తేదీ, సెక్షన్, గరిష్ఠ శిక్ష పక్కపక్కన రాసి లెక్కకట్టడంలో ఒక్క అంకె తప్పినా ఒక మనిషి అన్యాయంగా లోపల ఉండిపోతాడు. జైలులోని న్యాయ సహాయ కేంద్రంలో పనిచేసే ఖైదీ వాలంటీర్లు ఇందులో బయటివాళ్లకన్నా నమ్మదగ్గవాళ్లు కావచ్చు. బ్యారక్‌లో ఎవరి పేరు జాబితాలో లేదో తెలిసేది వాళ్లకే.

హద్దులు, గౌరవ వేతనం

పీఎల్‌వీ కక్షిదారు దగ్గర పైసా తీసుకోకూడదు, రాజకీయాల్లో చురుగ్గా ఉండకూడదు, ఫలానా వకీలు దగ్గరికే వెళ్లమని చెప్పకూడదు. ఈ హద్దులు దాటితే తొలగిస్తారు. ఇవన్నీ న్యాయమైనవే. కానీ ఇది ఉద్యోగం కాదు. పని అప్పగించిన రోజుకే గౌరవ వేతనం ఉంటుంది, పని లేని రోజు ఏమీ ఉండదు. నకలు ముద్ర చదవడం, జైలు జాబితా లెక్కకట్టడం నేర్చుకోవడానికి ఏళ్లు పడుతుంది. అవి నేర్చినవారిని దినసరి లెక్కన ఉంచితే నిలవరు. క్రిమినల్ కేసులకు 2022లో వచ్చిన లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సిల్ పథకం న్యాయవాదులతోపాటు ఆఫీసు సహాయకులకూ పూర్తికాలం పని ఇచ్చింది. పీఎల్‌వీలకూ అలాంటి ఏర్పాటు కావాలి.

సహాయం కావలసినవారు 15100 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు, జిల్లా కోర్టు ప్రాంగణంలోని ఫ్రంట్ ఆఫీసుకు నేరుగా వెళ్లవచ్చు. వెళ్లేటప్పుడు కోర్టు నుంచి, బ్యాంకు నుంచి, ఆసుపత్రి నుంచి వచ్చిన ప్రతి కాగితాన్నీ, అది వచ్చిన కవరుతో సహా తీసుకెళ్లాలి. నోటీసు ఏ రోజు చేరిందో తెలిపేది చాలాసార్లు ఆ కవరు మీది తపాలా ముద్రే.