కులప్రశ్న – అంగరాజ్యం: ‘దానవీరశూరకర్ణ’ పరిశీలన

చిత్ర ప్రదర్శన ముగిసిన పిదప దానిని చర్చకు పెట్టడం ఫిల్మ్ సొసైటీల సంప్రదాయం. కళాత్మక చిత్రాల చుట్టూ పెరిగిన ఈ పద్ధతికి జనాదరణ పొందిన పౌరాణిక చిత్రమూ అర్హమైనదే. నందమూరి తారక రామారావు నటించి, నిర్మించి, దర్శకత్వం వహించిన ‘దానవీరశూరకర్ణ’ 1977 సంక్రాంతికి విడుదలైంది. సంభాషణలు కొండవీటి వేంకటకవివి. గీతకర్తలలో ఒకరైన సి. నారాయణరెడ్డి సిరిసిల్ల ప్రాంతంలోని హనుమాజీపేటలో జన్మించారు.

కుమారాస్త్ర విద్యాప్రదర్శన ఘట్టంలో కర్ణుని కులమడిగినప్పుడు దుర్యోధనుడు కురువృద్ధుల, ఆచార్యుల జన్మవృత్తాంతాలనే ఎత్తిచూపుతాడు. ఈ వాదానికి మూలం నన్నయ ఆదిపర్వంలోనే ఉంది. చిత్రం దానిని విస్తరించి, ప్రతినాయకుని నోట న్యాయవాక్యంగా నిలిపింది.

అయితే ఈ వాదానికి ఒక పరిమితి ఉంది. అందులోని ఉదాహరణలన్నీ సమాజం అప్పటికే పూజ్యులుగా అంగీకరించినవారివి. కర్ణునికి దక్కిన గౌరవం కూడా రాజు ఇచ్చిన అంగరాజ్యమే. వివక్ష ఒక వీరునికి మాత్రమే తొలగింది. సూతకులం యథాతథంగా మిగిలింది.

మరుసటి ఏడు, 1978 సెప్టెంబరు 7న, జగిత్యాల జైత్రయాత్రలో వేలాది రైతుకూలీలు కదిలారు. వెట్టి రద్దు, కూలిరేట్ల పెంపు, భూమి వారి ఆకాంక్షలు. అక్టోబరులో ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఈ రెండింటి నడుమ కార్యకారణ సంబంధం లేదు. కానీ పక్కపక్కన ఉంచి చూస్తే భేదం స్పష్టమవుతుంది: చిత్రం ప్రతిభావంతునికి మినహాయింపు కోరింది, జగిత్యాల అందరికీ హక్కు కోరింది.