వనమహోత్సవము

చెట్లు నాటుట మన దేశమున పురాతన ధర్మము. క్రీ. పూ. 3వ శతాబ్దమున అశోకచక్రవర్తి బాటల వెంబడి మఱ్ఱిచెట్లు నాటించి, మామిడితోపులు వేయించినట్లు తన స్తంభశాసనమున వ్రాయించెను. కార్తికమున ఉసిరిచెట్టు నీడను వనభోజనములు చేయుట మన పెద్దల యాచారము. 1950వ సంవత్సరము జూలై మాసమున నాటి కేంద్రమంత్రి శ్రీ కె. ఎం. మున్షీగారు వనమహోత్సవమును దేశవ్యాప్తముగా ప్రారంభించిరి.

లెక్కలు వ్రాయువాడను గనుక ఒక మనవి. నాటినవాటిని మాత్రమే వ్రాసిన లెక్క సగము లెక్క. వేసవి దాటి బ్రతికినవాటిని వ్రాసిననాడే అది పూర్తియగును. మన నేలకు అలవాటైన వేప, కానుగలు వేరూనిన పిదప కొద్దినీటితో నిలుచును. అంతవరకు కడవనీరు పోయు చేయి వలయును. ఈ రజతోత్సవమున గ్రంథాలయ ప్రాంగణమందు నాటు ప్రతి మొక్కకు ఒక చందాదారుడు పూచీపడుగాక!