‘వెనుకబడిన’ – ఒక విశేషణం, రెండు జిల్లాలు

పాలమూరు (మహబూబ్‌నగర్) పేరు ముందు ‘వెనుకబడిన’ అన్న విశేషణం లేకుండా ప్రభుత్వ నివేదిక రాయడం చాలాకాలం ఎవరికీ చేతకాలేదు. నల్లగొండదీ అదే కథ. ఇంగ్లీషు ‘బ్యాక్‌వర్డ్’కు తెలుగు రూపమైన ఈ మాట ఒకప్పుడు చిన్నచూపు. రాజ్యాంగం వచ్చాక హక్కు. ప్రణాళికల కాలంలో నిధులు తెచ్చే ముద్ర. ఇన్ని అర్థాలు మోసిన ఈ మాట ఒక్క ప్రశ్నను మాత్రం దాచిపెట్టింది: ఈ నేల తనంత తాను వెనుకబడిందా, ఎవరైనా వెనక్కి నెట్టారా?

మాట పుట్టకముందే చూపు ఉంది. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులే లేరని 1930లలో ఒక పండితుడు తేల్చేశాడు. అప్పటికే నల్లగొండ నుంచి షబ్నవీసు వెంకట రామనరసింహారావు 1922లో ‘నీలగిరి’ పత్రిక తెచ్చారు. 1926లో ‘గోలకొండ పత్రిక’ స్థాపించిన సురవరం ప్రతాపరెడ్డి పాలమూరు జిల్లా మనిషి. ఆ పండితుడి మాటకు ఆయన కోపంతో జవాబివ్వలేదు. 1934లో 354 మంది కవులతో ‘గోలకొండ కవుల సంచిక’ అచ్చువేశారు. నింద మోపిన వాళ్లకు లెక్క చూపించడం తెలంగాణ అక్కడే నేర్చుకుంది. రాజకీయ చైతన్యానికీ కొదవ లేదు. 1931లో ఆంధ్ర మహాసభ నల్లగొండ జిల్లా దేవరకొండలో జరిగింది. 1952 తొలి సార్వత్రిక ఎన్నికల్లో నల్లగొండ ఓటర్లు రావి నారాయణరెడ్డికి నెహ్రూకన్నా ఎక్కువ ఓట్లు వేసి లోక్‌సభకు పంపారు. ఇలాంటి జిల్లాను మందకొడి జిల్లా అని ఏ నోటితో అంటాం?

అసలు కథ నీళ్లది. పాత హైదరాబాద్ రాష్ట్రం తుంగభద్ర ఎడమ కాలువ, ఎగువ కృష్ణ, భీమా పథకాల ద్వారా మహబూబ్‌నగర్ పొలాలకు నీళ్లివ్వాలని తలపెట్టింది. 1956లో రాష్ట్రం మూడు ముక్కలైంది. రాయచూరు వైపు మైసూరు రాష్ట్రానికి పోయింది, కాలువలు రావాల్సిన దారి కూడా దానితోనే పోయింది. కృష్ణ, తుంగభద్ర రెండూ తన గడ్డను ఒరుసుకుంటూ పారుతుంటే పాలమూరు వానమబ్బు కోసం ఎదురుచూస్తూ కూర్చుంది. హైదరాబాద్ రాష్ట్రం విడిపోకుండా ఉంటే ఈ ప్రాంతానికి మెరుగైన సాగునీటి వసతి దక్కేదని కృష్ణా జలాలు పంచిన బచావత్ ట్రిబ్యునలే గుర్తించి, జూరాల ప్రాజెక్టుకు 17.84 టీఎంసీలు కేటాయించింది. ఒక న్యాయపీఠం ఈ మాట రాసిన తర్వాత కూడా ‘కరువు జిల్లా, ఏం చేస్తాం’ అన్న వాళ్లను క్షమించడం నాకు కష్టం. జూరాల పునాదిరాయి పడేసరికి 1981 వచ్చింది.

ఈలోపు ఊళ్లు ఖాళీ అయ్యాయి. గుంపు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు తీసుకుని, పిల్లల్ని ముసలివాళ్ల దగ్గర వదిలి, ఆలుమగలు పనికి పోయేవారు. దేశంలో ఎన్నో ఆనకట్టలకు, కాలువలకు పాలమూరు లేబర్ మట్టి మోసింది. తట్ట మోసినవాడి పొలానికి తడి లేదు. నల్లగొండ అంచున 1955 డిసెంబర్ 10న నెహ్రూ నాగార్జునసాగర్ ఆనకట్టకు పునాదిరాయి వేశారు. అదే జిల్లాలో మునుగోడు, మర్రిగూడ వైపు జనం ఫ్లోరైడ్ బోరు నీళ్లు తాగి ఎముకలు వంగిపోయి బతికారు. నాగపూర్‌లోని నీరి సంస్థ పటిక, సున్నంతో ఆ నీటిని శుద్ధిచేసే పద్ధతి రూపొందిస్తే దానికి ‘నల్లగొండ టెక్నిక్’ అన్న పేరు స్థిరపడింది. కెన్యా, టాంజానియా, ఇథియోపియాల దాకా ఆ పేరు వెళ్లింది. జిల్లా పేరే ప్రపంచ విజ్ఞానంలో విశేషణమైంది. నల్లగొండ పల్లెకు మంచినీళ్లు మాత్రం దశాబ్దాల పోరాటం చేస్తే గానీ రాలేదు.

మనుషులకు అంటించినప్పుడు ఇదే మాట మరో దారి పట్టింది. రాజ్యాంగం 16(4) అధికరణం ‘వెనుకబడిన తరగతి’కి ఉద్యోగాల్లో చోటిచ్చింది. మద్రాసు కాలేజీ సీట్ల కోటాను కొట్టేసిన చంపకం దొరైరాజన్ కేసు తర్వాత 1951లో 15(4) చేరి చదువుకూ దారి తెరిచింది. మన దగ్గర, అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో, అనంతరామన్ కమిషన్ సిఫారసులపై 1970లో వచ్చిన జీవో 1793 బీసీలను ఏ, బీ, సీ, డీ అని విభజించి 25 శాతం రిజర్వేషన్ కల్పించింది. పోచంపల్లి మగ్గం మీది పద్మశాలీ బిడ్డ, పాలమూరు వడ్డెర బిడ్డ ఆ సర్టిఫికెట్టుతోనే కాలేజీ గడప తొక్కారు. అందుకే ఊళ్లో ‘మేం బీసీలం’ అన్న మాటలో నామోషీ లేదు, అధికారం ఉంది. కానీ పట్టిక గీసిన చేయి అన్నిచోట్లా ఒకటి కాదు. నది అవతల కర్ణాటకలో నాయక, బేడలు ఎస్టీలు. ఇవతల గద్వాల, అలంపురంలో అదే కోవకు చెందిన వాల్మీకి బోయలు బీసీ-ఏ. వారిని ఎస్టీల్లో చేర్చాలని తెలంగాణ శాసనసభ 2023లో తీర్మానించింది.

ప్రాంతాల పట్టికలు మాత్రం వచ్చాయి, పోయాయి. 2006లో ఉపాధి హామీ తొలి విడతలోనూ, వెనుకబడిన ప్రాంతాల గ్రాంటు నిధిలోనూ రెండు జిల్లాలూ ఉన్నాయి. 2010 చివర, తెలంగాణ డిమాండుపై కేంద్రం వేసిన శ్రీకృష్ణ కమిటీ అన్నిటికన్నా వెనుకబడింది రాయలసీమ అని తేల్చింది. సీమ కష్టం నిజమే, దాన్ని కాదనడం లేదు. కానీ ప్రాంతమంతా కలిపి లెక్కకట్టిన సగటులో పాలమూరు పల్లె కనబడదు. మరుసటేడు జనాభా లెక్కల్లో మహబూబ్‌నగర్ అక్షరాస్యత 55.04 శాతం, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే అట్టడుగు. తెలంగాణ రాష్ట్రం వచ్చాక హైదరాబాద్ తప్ప తొమ్మిది జిల్లాలనూ వెనుకబడినవిగా గుర్తించి, కేంద్రం జిల్లాకు ఏడాదికి 50 కోట్ల లెక్క కట్టింది. 2018 నుంచి ఢిల్లీ ఈ మాటనే పక్కనపెట్టి ‘ఆకాంక్షిత జిల్లాలు’ అంటోంది. పేరు మర్యాదగా ఉంది, సంతోషం. తెలంగాణ నుంచి ఆ తొలి జాబితాలో పాలమూరు లేదు, నల్లగొండ లేదు.

వార్త రాసే మిత్రులకూ, ఫైలు నడిపే అధికారులకూ ఒకటే విన్నపం. ఈ రెండు జిల్లాల పేర్ల ముందు ఆ విశేషణం మళ్లీ రాయాల్సి వస్తే, పక్కనే ఆగిపోయిన కాలువ పేరూ, అది ఆగిన సంవత్సరమూ రాయండి.