ఒకే లైను మీద ఇద్దరు

లండన్‌లో ఓ ఆదివారం. 1838–39 నాటి మాట. గణిత శాస్త్రవేత్త చార్లెస్ బాబేజ్ అనుకున్న టైముకన్నా కాస్త ముందే గ్రేట్ వెస్టర్న్ రైల్వే స్టేషనుకు చేరాడు. ఆదివారమైతే రైళ్ల రద్దీ ఉండదు, ప్రయోగాలకు లైను దొరుకుతుంది. ఆయన ప్రయోగాల రైలు పెట్టె, ముప్పై టన్నుల ఇనుముతో మూడు వ్యాగన్లు సిద్ధంగా ఉన్నాయి. ఇంజన్‌లో ఆవిరి పట్టిస్తున్నారు.

ఇవాళ మామూలు లైను కాదు, రెండో లైను మీద వెళ్లాలన్నాడు అక్కడి అధికారి. బాబేజ్‌కు గుండెలో రాయి పడింది. ఎదురుగా ఏదైనా వస్తే? సాయంత్రం దాకా ఇంకో ఇంజనే లేదని అధికారి భరోసా ఇచ్చాడు.

బాబేజ్‌వి పాము చెవులు. దూరంగా ఏదో చప్పుడు. ఇంజన్ వస్తోందన్నాడు. అసాధ్యం అన్నాడు అధికారి. కాసేపటికి ఆ చప్పుడు అతనికీ వినిపించింది, తర్వాత తెల్లటి ఆవిరి కనిపించింది. వచ్చిన ఇంజన్ మీంచి ఒళ్లంతా మసితో దిగిన మనిషి ఎవరో కాదు, ఆ రైల్వే కట్టిన ఇంజనీరు ఇసంబార్డ్ కింగ్‌డమ్ బ్రూనెల్! అప్పటికి పట్టాలు పడిన చివరి చోటికి బ్రిస్టల్ నుంచి గుర్రపు బండిలో వచ్చేసరికి రైలు తప్పిపోయింది. నిప్పు రాజేసి ఉన్న ఇంజన్ ఒకటి కనబడితే ఎక్కి గంటకు 50 మైళ్ల వేగంతో తోలుకొచ్చేశాడు.

అదే లైను మీద 40 మైళ్ల వేగంతో, ముప్పై టన్నుల ఇనుముతో ఎదురు రావాల్సింది నేనేనని బాబేజ్ చెప్పాడు. ఎదురుగా ఇంకో ఇంజన్ కనబడితే ఏం చేసేవాడివని అడిగాడు. ఉన్న ఆవిరంతా పట్టించి, నా వేగంతో దాన్ని పట్టాల మీంచి నెట్టేసేవాణ్నన్నాడు బ్రూనెల్. ఇద్దరు మేధావులూ ఎలా మిగిలారంటే, బాబేజ్ బయల్దేరేలోపే బ్రూనెల్ వచ్చేశాడు, అంతే.

ఇంతకీ ఆ పెట్టెలో ఏముంది? బ్రూనెల్ పట్టాల మధ్య ఎడం 7 అడుగులు. మిగతా చాలామందిది 4 అడుగుల ఎనిమిదిన్నర అంగుళాలు. ఏది మేలన్న గొడవలో వాటాదార్లు రెండుగా చీలారు. మాటలతో తేలదని బాబేజ్ ఒక పెట్టెను లోపలంతా ఖాళీ చేయించాడు. కింది చట్రానికి బిగించిన ఊతాలు పెట్టె నేలలోంచి పైకి తెచ్చి, వాటి మీద పొడవాటి బల్ల నిలబెట్టాడు. పెట్టె ఎంత ఊగినా బల్లకు సంబంధం లేదు. బల్ల మీద వెయ్యడుగుల కాగితపు చుట్ట మెల్లగా జరుగుతుంటే కలాలు గీతలు గీసేవి: ఇంజన్ లాగే బలం, పెట్టె కుదుపు, పక్కలకు ఊపు. ఆ గీతల వెంటే ఒక గడియారం అర సెకనుకో గుర్తు పెట్టేది. నా మట్టుకు ఆ ప్రయోగానికి ప్రాణం ఆ గుర్తులే. కుదుపు ఎప్పుడు వచ్చిందో చెప్పలేని గీత ఎందుకూ పనికిరాదు. రెండు మైళ్లకు పైగా కాగితం నిండింది. అయిదు నెలల కాలం, 300 పౌండ్ల దాకా సొంత డబ్బు ఖర్చయ్యాయి.

ప్రతి ఇంజనూ తన వేగాన్ని ప్రతి క్షణం తానే రాసుకోవాలని బాబేజ్ 1864లో అచ్చయిన స్వీయచరిత్రలో సూచించాడు. ప్రమాదం జరిగాక డ్రైవర్ మాట, గార్డు మాట వేరుగా ఉండొచ్చు. గీత ఎవరి పక్షమూ వహించదు.

ఇవాళ మన బండికీ ఇలా వేగాన్ని నమోదు చేసే పరికరం, అంటే లాగర్, బిగించుకోవచ్చు. అందులో కలం స్థానంలో సెన్సర్ వచ్చింది. చక్రంతో తిరిగే పళ్ల చక్రం పక్కన, అయస్కాంత క్షేత్రాన్ని పసిగట్టే హాల్ సెన్సర్ పెడితే పన్ను దాటినప్పుడల్లా ఒక పల్స్. సాధారణంగా మూడే తీగలు: కరెంటు, ఎర్త్, సిగ్నల్. రెండు తీగల కాయిల్ రకం చవక, కానీ బండి నెమ్మదిగా కదిలితే దాని సిగ్నల్ చచ్చిపోతుంది. నన్నడిగితే లాగర్‌కు హాల్ సెన్సరే మేలు. చుట్టుకొలత 2 మీటర్లున్న టైరుకు 40 పళ్లుంటే ఒక్కో పల్స్ 5 సెంటీమీటర్లు. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో సెకనుకు సుమారు 556 పల్స్‌లు. పళ్ల చక్రం బదులు ఒక్క అయస్కాంతమే అతికిస్తే సెకనుకు 14 కూడా రావు, ట్రాఫిక్‌లో పాకే బండి వేగం ఊహించుకోవాల్సిందే. సిగ్నల్ తీగకూ లాగర్ వోల్టేజీకీ మధ్య పుల్ అప్ రెసిస్టర్ కావాలా అన్నది సెన్సర్ డేటా షీటులో చూడండి. చాలావాటికి కావాలి, అది మరిచిపోయి సెన్సర్‌నే మార్చేసేవాళ్లు బోలెడు. తీగకు షీల్డు ఉండాలి, ఆ షీల్డును లాగర్ వైపే ఎర్త్ చేయాలి, స్పార్క్ ప్లగ్గు తీగల పక్కన నడపకూడదు. లేకపోతే నిలబడ్డ బండి కూడా పరుగెత్తినట్టు లాగర్‌లో నమోదవుతుంది.

టైరు అరిగినా, గాలి తగ్గినా చుట్టుకొలత మారుతుంది. అందుకే లాగర్ బిగించాక హైవే మీద కిలోమీటరు రాళ్ల మధ్య ఒకసారి నడిపి, పల్స్‌లు లెక్కపెట్టి సరిచూసుకోండి. తర్వాతే అంకెల్ని నమ్మండి.