జనగణనలో పట్టణ నిర్వచనం: తిరుపతి ఉదాహరణ

1951 వరకు చట్టబద్ధ పురపాలన లేని ఊరిని పట్టణంగా పరిగణించడం చాలావరకు జనగణన అధికారి విచక్షణకు లోబడి ఉండేది. 1961లో కచ్చితమైన కొలమానాలు ఏర్పడ్డాయి. మునిసిపాలిటీ, కంటోన్మెంటు వంటివి చట్టరీత్యా పట్టణాలు. ఇతర ఊళ్లకు మూడు షరతులు: కనీసం 5,000 జనాభా, పురుష శ్రామికులలో 75 శాతం వ్యవసాయేతర వృత్తులలో ఉండటం, చదరపు మైలుకు 1,000 (అనంతరం చదరపు కిలోమీటరుకు 400) జనసాంద్రత. వృత్తి షరతులో స్త్రీల శ్రమకు చోటు లేదు.

1886లో మునిసిపాలిటీగా, 2007లో నగరపాలక సంస్థగా ఏర్పడిన తిరుపతి మొదటి కోవకు చెందుతుంది. 2011లో నగర జనాభా సుమారు 2.9 లక్షలు, తిరుచానూరు, అవిలాల వంటి పరిసర ఊళ్లతో కూడిన పట్టణ సముదాయ జనాభా సుమారు 4.6 లక్షలు. ఈ వ్యత్యాసంలోని వారిలో అధికులు గణాంకాలలో పట్టణవాసులు, పాలనలో పంచాయతీ ప్రజలు.

తిరుమల మరొక చిక్కును చూపుతుంది. జనగణన సాధారణ నివాసాన్నే లెక్కిస్తుంది గనుక 2011లో అక్కడి జనాభా ఎనిమిది వేల లోపే. అయితే నీరు, పారిశుద్ధ్యం, రవాణా అవసరమయ్యేది నిత్యం వచ్చే వేలాది యాత్రికులకు కూడా. కనుక పట్టణ జనాభా అంకెను పట్టణ అవసరాల కొలతగా స్వీకరించే ముందు, అది ఏ నిర్వచనం నుండి పుట్టిందో పరిశీలించడం అవసరం.